డబ్బు చేయి దాటకముందే: పెట్టుబడి మోసాల నుంచి, నమ్మకం లేని ప్రయాణ బుకింగ్‌ల నుంచి సొమ్మును కాపాడుకునే మార్గదర్శి

దుకాణానికి వెళ్లి గొడుగు కొంటే డబ్బు ఇచ్చిన చేతికే గొడుగు వస్తుంది. పెట్టుబడిలోనూ ప్రయాణ బుకింగ్‌లోనూ అలా జరగదు. డబ్బు ఈరోజు ఇస్తాం. రాబడి ఏడాదికో, విమానం మూడు నెలలకో, హోటల్ గది ఆ ఊరు చేరాకో అందుతుంది. ఈలోగా మన దగ్గర ఉండేది ఒక మాట, ఒక రసీదు, తెర మీద ఒక అంకె. మోసగాళ్లు పని చేసేది ఆ సందులోనే. ఎవరినీ మోసగించే ఉద్దేశం లేని సంస్థ దివాలా తీసినా మన సొమ్ము చిక్కుకునేది అక్కడే. అందుకే ఈ రెంటినీ ఒకేచోట రాస్తున్నాను.

మా బంధువుల్లో ఒకాయన ట్రేడింగ్ యాప్‌లో, నా స్నేహితురాలు ఒకామె కుటుంబ యాత్ర బుకింగ్‌లో పెద్ద మొత్తాలే పోగొట్టుకున్నారు. ఇద్దరూ లెక్క తెలిసిన మనుషులే. ఆశపడి మోసపోయారని లోకం తేలిగ్గా అనేస్తుంది కానీ, దగ్గరగా చూసిన నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. వాళ్లు అడగని ప్రశ్నలు నాలుగైదే. ఆ ప్రశ్నలు ఎప్పుడు, ఎవరిని, ఎలా అడగాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: మధ్యకాలంలో నా డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?

లాభమెంత, హోటల్‌కు నక్షత్రాలెన్ని అన్నవి తర్వాతి సంగతులు. ముందు ఈ ప్రశ్నకు జవాబు రాబట్టండి.

సరైన పెట్టుబడి ఏర్పాటులో సలహా ఇచ్చేవారు ఒకరు, సొమ్మును లేదా షేర్లను భద్రపరిచేవారు మరొకరు, లెక్కలు తనిఖీ చేసేవారు ఇంకొకరు. ఈ ముగ్గురూ ఒక్కరే అయినప్పుడు తప్పు బయటపడే దారి మూసుకుపోతుంది. న్యూయార్క్‌లో బెర్నార్డ్ మేడాఫ్ ఉదంతం ఇదే చెబుతుంది. ఆయన నాస్‌డాక్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఒకప్పటి ఛైర్మన్. ఖాతాదారుల సొమ్ము, షేర్లు ఆయన పెట్టుబడి సంస్థ దగ్గరే ఉన్నాయని అందరూ నమ్మారు. నెలనెలా వచ్చే ఖాతా వివరాలను ముద్రించి పంపేదీ ఆ సంస్థే. ఆ కాగితాల మీద కనిపించిన కొనుగోళ్లు, అమ్మకాలు అసలు జరగనే లేదు. 2008 డిసెంబరులో అరెస్టయ్యే నాటికి ఖాతాదారుల పేర కాగితం మీద ఉన్న మొత్తం దాదాపు 6,500 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది ఆయనకు 150 ఏళ్ల జైలుశిక్ష పడింది. వేలమంది అడగని ప్రశ్న ఒక్కటే: ‘నా షేర్లు మీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఉన్నాయి? వాళ్లను నేను నేరుగా అడగవచ్చా?’

ప్రయాణాల్లోనూ ఇదే ప్రశ్న. 1841లో మొదలైన టామస్ కుక్ అనే బ్రిటిష్ యాత్రా సంస్థ 178 ఏళ్లు నడిచి 2019 సెప్టెంబరు 23న మూతపడింది. అది మోసం కాదు, దివాలా. ఆ రోజు విదేశాల్లో ఉన్న దాదాపు లక్షన్నర మంది బ్రిటిష్ యాత్రికులను అక్కడి పౌర విమానయాన సంస్థ వెనక్కి తీసుకురావలసి వచ్చింది. అటోల్ అనే రక్షణ పథకం కింద ప్యాకేజీ కొన్నవారికి డబ్బు తిరిగి వచ్చింది. అలాంటి రక్షణ లేకుండా విడిగా కొనుక్కున్నవారు తమ కార్డు సంస్థల చుట్టూ, బీమా సంస్థల చుట్టూ తిరిగారు. సంస్థ పాతదా, పెద్దదా అన్నది మన డబ్బుకు కవచం కాదు. ముందుగా కట్టిన సొమ్మును విడి ఖాతాలో ఉంచుతున్నారా, దివాలాకు పూచీ ఎవరు అన్నవే కవచాలు. యూరోపియన్ యూనియన్‌లో ప్యాకేజీ యాత్రలు అమ్మే సంస్థలు దివాలాకు పూచీ చూపించడం చట్టప్రకారం తప్పనిసరి. మీరున్న దేశంలో ఏ నిబంధన ఉందో అమ్మేవారినే అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.

రెండో అడుగు: చెప్పిన రాబడిని కాగితం మీద గుణించి చూడండి

‘నెలకు 10 శాతం’ అని ఎవరైనా అంటే చెవికి పెద్దగా అనిపించదు. లాభాన్ని మళ్లీ అందులోనే పెడుతూ పోతే ఏడాదికి సొమ్ము మూడింతలు దాటుతుంది. ఐదేళ్లకు 300 రెట్లు దాటుతుంది. ‘రోజుకు ఒక్క శాతమే’ అన్న వినయపూర్వకమైన మాట ఏడాదికి దాదాపు 38 రెట్లు అవుతుంది. ఇలాంటి రాబడి నిజంగా చేతిలో ఉన్నవాడికి మీ పొదుపుతో పనేమిటి? సొంత సొమ్ము కొంచెం పెట్టుకుని ఊరుకుంటే కొన్నేళ్లలో అతడే అందరికంటే ధనవంతుడు కావాలి కదా.

ఇంకో లెక్క కూడా వేయాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు: ఆ వ్యాపారంలో అంత సొమ్ము పట్టే చోటు ఉందా? 1920లో బోస్టన్‌లో చార్లెస్ పొంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. అంతర్జాతీయ తపాలా కూపన్లను ఒక దేశంలో చవకగా కొని మరో దేశంలో ఎక్కువ ధరకు మార్చుకోవడం తన వ్యాపారమని చెప్పాడు. ఆ ధరల తేడా నిజంగానే ఉంది. కానీ అతడు వసూలు చేసిన సొమ్ముకు దాదాపు 16 కోట్ల కూపన్లు చలామణిలో ఉండాలని, ఉన్నవి సుమారు 27 వేలేనని ఒక ఆర్థిక విశ్లేషకుడు లెక్క తేల్చాడు. కొత్తగా చేరినవారి సొమ్మే పాతవారికి లాభంగా అందుతోందన్నది ఆ ఏడాదే బయటపడింది. ఇప్పటికీ ఇలాంటి వాటిని పొంజీ పథకాలనే పిలుస్తున్నాం. వందేళ్లలో మారింది సరుకు పేరొక్కటే. తపాలా కూపన్ల చోట క్రిప్టో వచ్చింది, కృత్రిమ మేధ వచ్చింది. 2014లో మొదలైన వన్‌కాయిన్ అనే డిజిటల్ నాణేనికి వెనుక నిజమైన బ్లాక్‌చైనే, అంటే లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి డిజిటల్ లెక్కల పుస్తకమే లేదు. దాని స్థాపకురాలు రూజా ఇగ్నతోవా 2017లో కనుమరుగైంది. 2022లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆమెను పదిమంది ప్రధాన పరారీల జాబితాలో చేర్చింది.

రాబడి మరీ ఎక్కువగా ఉంటేనే అనుమానించాలని అనుకోకండి. మేడాఫ్ ఇచ్చినట్టు చూపినది ఏడాదికి 10 శాతానికి కాస్త అటూఇటూ, అంతే. మార్కెట్ లేచినా పడినా ఒకే తీరుగా రావడమే అక్కడి తేడా. నిజమైన మార్కెట్ రాబడి ఒడిదుడుకులు లేకుండా ఉండదు.

మూడో అడుగు: లైసెన్సును వాళ్లిచ్చిన దారిలో కాకుండా మన దారిలో చూడండి

పెట్టుబడి సలహా ఇవ్వడానికి, జనం సొమ్ము తీసుకోవడానికి దాదాపు ప్రతి దేశంలోనూ ఒక నియంత్రణ సంస్థ నుంచి అనుమతి కావాలి. ఆ అనుమతి పొందినవారి జాబితా సాధారణంగా ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. మోసగాళ్లకూ తెలుసు. అందుకే వాళ్లు నిజమైన సంస్థ పేరు, దాని నమోదు సంఖ్య, చిరునామా ఎత్తుకొచ్చి తమ ఫోను నంబరు ఒక్కటి మారుస్తారు. మీరు జాబితాలో వెతికితే పేరు ఉంటుంది, సంఖ్య సరిపోతుంది, మనసు కుదుటపడుతుంది. డబ్బు మాత్రం వేరేవాడికి వెళ్తుంది.

కాబట్టి చేయవలసింది ఇది. మీకు వచ్చిన సందేశంలోని లింకును పక్కన పెట్టండి. నియంత్రణ సంస్థ చిరునామాను మీరే టైపు చేసి, ఆ జాబితాలో ఉన్న నంబరుకు ఫోను చేయండి. ‘మీ తరఫున ఫలానా వ్యక్తి నాతో మాట్లాడుతున్నారు, ఫలానా ఖాతాలో డబ్బు వేయమంటున్నారు, నిజమేనా?’ అని అడగండి. పది నిమిషాల పని. అదే సంస్థ ప్రచురించే హెచ్చరికల జాబితాను కూడా ఒకసారి తిరగేయండి. అయితే ఆ జాబితాలో పేరు లేదంటే మంచి సంస్థ అని అర్థం కాదు. నిన్న మొదలైన మోసం రేపటి జాబితాలోకే ఎక్కుతుంది.

వీడియోలో ముఖం కనిపించింది కదా అన్న నమ్మకాన్ని కూడా వదులుకోవలసిన రోజులివి. 2024 ఆరంభంలో హాంకాంగ్‌లో ఒక అంతర్జాతీయ ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగి వీడియో సమావేశంలో తన పైఅధికారిని, సహోద్యోగులను చూసి, వాళ్లు చెప్పినట్టే 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. ఆ సమావేశంలో కనిపించిన ముఖాలు కంప్యూటర్‌తో తయారుచేసినవి. ప్రసిద్ధ వ్యక్తి ఏదో యాప్‌ను పొగుడుతున్న వీడియోకు సాక్ష్యంగా విలువ లేదు.

నాలుగో అడుగు: పెట్టడం సరే, తీయడం ఎలాగో చూడండి

మా బంధువు కథ ఇక్కడే వస్తుంది. ఆయనను ఎవరో ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. రెండు వారాలు ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. ‘గురువుగారి’ సూచనలు, సభ్యుల లాభాల స్క్రీన్‌షాట్లు, కృతజ్ఞతలు. ఆ సభ్యుల్లో ఎక్కువమంది ఒకే ముఠా మనుషులని తర్వాత తెలిసింది. ఆయన కొద్దిగా పెట్టారు. లాభం కనిపించింది. కొంత వెనక్కి తీస్తే ఖాతాలో నిజంగానే పడింది. ఇక ఆయనకు అనుమానమన్నది లేకపోయింది. ఆ చిన్న మొత్తం గాలానికి గుచ్చిన ఎర అని ఆయనకు ఎలా తెలుస్తుంది?

పొదుపు మొత్తం అందులో పెట్టాక తీయబోతే తెర మీద వచ్చిన మాట నేను చదివాను: ‘మీ ఉపసంహరణ ఆమోదం పొందింది. లాభంపై 15 శాతం పన్ను చెల్లించిన 24 గంటల్లో మొత్తం జమ అవుతుంది.’ ఆయన అప్పు తెచ్చి కట్టారు. తర్వాత ‘ఖాతా ధ్రువీకరణ రుసుము’. ఆ తర్వాత ‘మనీలాండరింగ్ తనిఖీ డిపాజిట్’. ఒక్కో మెట్టు దగ్గరా ‘ఇంత పెట్టాం కదా, ఇది ఒక్కటీ కడితే అయిపోతుంది’ అని మనసు చెబుతుంది. నిండా మునిగినవాడికి చలేమిటన్నట్టు మనిషి ఇంకా లోపలికి దిగుతాడు.

ఇందులో గుర్తుపెట్టుకోవలసిన గీత ఒక్కటే: నా డబ్బు నాకు ఇవ్వడానికి ముందుగా ఇంకా డబ్బు కట్టమంటే అది మోసమే. నిజంగా రుసుమో పన్నో ఉంటే ఉన్న మొత్తంలోంచి మినహాయించుకుంటారు, లేదా మనమే తర్వాత ప్రభుత్వానికి కట్టుకుంటాం. యాప్ నడిపేవాడి ఖాతాకు పన్ను కట్టడం అన్నది లేదు. చిన్న మొత్తం వెనక్కి రావడాన్ని కూడా రుజువుగా తీసుకోకండి. వాడి వ్యాపారంలో అది పెట్టుబడి.

ఐదో అడుగు: వెబ్ చిరునామాను వెనుక నుంచి చదవండి

పెట్టుబడి సైటుకూ హోటల్ సైటుకూ ఇది ఒకేలా పనికొస్తుంది. చిరునామా మొదట్లో వచ్చే జంట గీతలను (//) వదిలేయండి. ఆ తర్వాత మొట్టమొదటి ఏటవాలు గీత (/) ఎక్కడ వస్తుందో చూడండి. అక్కడి నుంచి ఎడమవైపుకు చదవండి. చివరి చుక్కకు ముందున్న పదమే ఆ సైటు యజమానిది. కొన్ని దేశాల చిరునామాల్లో చివర రెండు ముక్కలుంటాయి, అప్పుడు వాటికి ముందున్న పదం. అంటే ‘హోటల్‌పేరు.గది-నిర్ధారణ.కామ్’ అని ఉంటే అది ఆ హోటల్‌ది కాదు, ‘గది-నిర్ధారణ’ అనే పేరు నమోదు చేసుకున్నవాడిది. ముందు ఏ పేరైనా తగిలించుకోవచ్చు. పక్కన కనిపించే తాళం బొమ్మ సమాచారం దారిలో ఇతరుల కంట పడదని మాత్రమే చెబుతుంది. అవతల ఉన్నది దొంగ అయినా ఆ తాళం ఉంటుంది.

వెబ్ చిరునామా ఎప్పుడు నమోదైందో ‘హూయిజ్’ వంటి సేవల్లో ఉచితంగా చూడవచ్చు. ఇరవై ఏళ్ల అనుభవం ఉందని రాసుకున్న సంస్థ చిరునామా మూడు వారాల కిందట పుట్టి ఉంటే ఇక అక్కడితో ఆగిపోవచ్చు.

హోటల్ బుకింగ్‌ల విషయంలో ఒక మెలిక ఉంది. బుకింగ్ నిజమైనదే, యాప్ నిజమైనదే. హోటల్ ఖాతాలోకి దొంగలు చొరబడి, అదే యాప్‌లోని సందేశాల పెట్టె నుంచి మీకు రాస్తారు. మీ పేరు, తేదీలు, గది రకం అన్నీ సరిగ్గా ఉంటాయి. ‘కార్డు ధ్రువీకరణ విఫలమైంది, 12 గంటల్లో ఈ లింకులో సరిచేయకపోతే బుకింగ్ రద్దవుతుంది’ అని ఉంటుంది. ఇన్ని వివరాలు తెలిసినవాడు హోటలువాడు కాక ఇంకెవరు అనుకుంటాం. లింకు ముట్టుకోకుండా హోటల్ సొంత నంబరు వెతికి ఫోను చేయండి. కార్డు వివరాలు యాప్ చెల్లింపు పేజీలో తప్ప ఏ సందేశానికీ జవాబుగా ఇవ్వకండి.

ఆరో అడుగు: టికెట్ అన్న పేరుతో చేతికి వచ్చినది టికెట్టేనా?

నా స్నేహితురాలు ఆరుగురికి విమాన టికెట్లు, హోటళ్లు కలిపి ఒక ఏజెంటు దగ్గర తీసుకుని మొత్తం కట్టేసింది. చక్కగా ముద్రించిన ప్రయాణ ప్రణాళిక వచ్చింది. అందులో ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉంది. విమానసంస్థ సైటులో కొడితే ఆరుగురి పేర్లూ కనిపించాయి. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూస్తే ఏమీ లేదు.

జరిగింది ఇది: పీఎన్ఆర్ అంటే సీటు పట్టి ఉంచిన గుర్తు మాత్రమే. ఏజెంట్లు డబ్బు కట్టకుండానే కొంతకాలం సీట్లు పట్టి ఉంచగలరు. గడువులోగా టికెట్ జారీ చేయకపోతే ఆ బుకింగ్ దానంతట అదే రద్దవుతుంది. డబ్బు కట్టి జారీ అయిన ఈ-టికెట్‌కు 13 అంకెల సంఖ్య ఉంటుంది, అందులో మొదటి మూడు అంకెలు ఆ విమానసంస్థ సంకేతం. ఏజెంటును అడగవలసింది ఆ సంఖ్య, ప్రయాణికులు ఒక్కొక్కరికీ విడిగా. కొన్ని చవక విమానసంస్థలు ఈ సంఖ్య ఇవ్వవు. అక్కడైతే సంస్థ సైటులోనే బుకింగ్ తెరిచి, చెల్లింపు పూర్తయినట్టు ఉందో లేదో చూడాలి. బుక్ చేసిన రోజు ఒకసారి, వారం తర్వాత మరోసారి చూడటం మంచిది.

హోటల్ గదికి కూడా అంతే. మధ్యవర్తి ఇచ్చిన సంఖ్య వేరు, హోటల్ పుస్తకంలో ఎక్కిన నిర్ధారణ సంఖ్య వేరు. రెండోది ఉందో లేదో హోటల్‌కే రాసి కనుక్కోండి.

రద్దు నిబంధనలు చదివేటప్పుడు మూడు చోట్ల కన్ను పెట్టండి. ఉచిత రద్దు గడువు ఏ దేశపు సమయం ప్రకారమో చూడండి, సాధారణంగా అది హోటల్ ఉన్న ఊరి సమయమే. వాపసు నగదుగానా, మళ్లీ వాడుకునే వోచరుగానా అన్నది చూడండి. 2020లో ప్రయాణాలు ఆగినప్పుడు వోచర్లు పుచ్చుకున్నవారు ఆ సంస్థ బతికి ఉన్నంత వరకే వాటిని వాడుకోగలిగారు. మూడోది, ప్రయాణ బీమాలో ‘సేవలందించే సంస్థ దివాలా’ ఉందా లేదా. చాలా పాలసీల్లో అది విడిగా చేర్చుకుంటే తప్ప ఉండదు. బీమాను బుక్ చేసిన వెంటనే తీసుకోండి. సంస్థ చిక్కుల్లో పడిందని వార్త వచ్చాక తీసుకుంటే అది తెలిసిన ప్రమాదమని క్లెయిమ్ తోసిపుచ్చుతారు.

అద్దె ఇళ్ల ఫొటోలను చిత్రశోధనలో, అంటే ఫొటోనే ఇచ్చి ఇంటర్నెట్‌లో వెతికే సేవలో, చూస్తే అదే ఇల్లు మరో ఊళ్లో, మరో పేరుతో కనిపిస్తుందేమో తెలుస్తుంది. యజమాని ‘సైటు బయట నేరుగా పంపితే తగ్గిస్తాను’ అంటే తగ్గేది ధర కాదు, మీ రక్షణ.

పెట్టుబడీ ప్రయాణమూ కలిసిపోయే చోటు ఒకటుంది, అదే హాలిడే క్లబ్ సభ్యత్వం, అంటే ఏటా కొన్ని రోజులు విడిదిలో గడిపే హక్కును ఏళ్ల తరబడికి ముందే కొనుక్కోవడం. ఉచిత బహుమతి అని పిలిచి, గంటల తరబడి కూర్చోబెట్టి, పాతికేళ్ల సభ్యత్వం ‘ఆస్తిలాంటిది, అమ్ముకోవచ్చు’ అంటారు. ఏటేటా పెరిగే నిర్వహణ రుసుము సంగతి కాగితం అడుగున ఉంటుంది. యూరప్ చట్టం ఇలాంటి ఒప్పందాల నుంచి వెనక్కి తగ్గడానికి 14 రోజులు ఇస్తుంది, ఆ లోపల ముందస్తు సొమ్ము తీసుకోవడాన్ని నిషేధిస్తుంది. చట్టమే అంత జాగ్రత్త తీసుకున్నదంటే ఆ గదిలో మనిషి మీద పడే ఒత్తిడి ఎంతటిదో ఊహించుకోవచ్చు. సంతకం ఆ రోజు చేయకండి.

ఏడో అడుగు: కట్టే పద్ధతిలోనే సగం రక్షణ

క్రెడిట్ కార్డుతో కడితే, సేవ అందనప్పుడు బ్యాంకు ద్వారా ఆ చెల్లింపును వివాదంలో పెట్టి వెనక్కి అడిగే వీలుంటుంది. దీన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. చాలా సందర్భాల్లో గడువు 120 రోజులు. బ్యాంకు బదిలీకి ఆ సౌకర్యం చాలా తక్కువ. క్రిప్టోకూ గిఫ్ట్ కార్డులకూ అసలు లేనట్టే. అవతలివాడు కార్డు వద్దని, ఏదో ఒక వ్యక్తి పేరున్న ఖాతాకు బదిలీ చేయమంటే ఆ కోరికే మీకు కావలసిన సమాచారం. వీలైనంత తక్కువ అడ్వాన్సు ఇచ్చి, మిగతాది ప్రయాణానికి దగ్గరలో కట్టండి.

పొదుపు ఉన్న ఖాతాను ఫోనులోని చెల్లింపు యాప్‌లకు కలపకండి. ఖర్చులకు వేరే ఖాతా పెట్టుకుని, రోజువారీ పరిమితి తగ్గించుకోండి. పెద్ద మొత్తం ఎవరికైనా పంపే ముందు ఒక రాత్రి గడవనిచ్చి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ‘ఈ విషయం ఎవరికీ చెప్పవద్దు’ అన్నవాడికి అసలే పంపకండి.

ఎనిమిదో అడుగు: డబ్బు పోయిందని తెలిసిన తొలి గంట

మొదటి ఫోను బ్యాంకుకు. పోలీసుల కంటే ముందు, ఆ మోసగాడితో వాదించడం కంటే ముందు. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు నిమిషాల్లో పరుగెడుతుంది, మధ్యలో ఎక్కడైనా ఆపగలిగేది బ్యాంకే. ఆ తర్వాత సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు. సందేశాలు, ఖాతా నంబర్లు, లావాదేవీ సంఖ్యలు, వెబ్ చిరునామాలు తేదీ కనిపించేలా భద్రపరచండి. సిగ్గుతోనో కోపంతోనో సంభాషణను చెరిపేసేవారు చాలామంది. అదే అసలు సాక్ష్యం. ఫోనులో తెరను పంచుకునే యాప్ ఏదైనా పెట్టించి ఉంటే ఇంటర్నెట్ ఆపి దాన్ని తీసేయండి, పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి.

కొన్ని వారాల తర్వాత మరో ఫోను రావచ్చు. ‘మీ సొమ్ము జాడ దొరికింది, మేం రాబట్టి ఇస్తాం, రుసుము కట్టండి’ అంటారు. తాము న్యాయవాదులమనో అధికారులమనో చెప్పుకుంటారు. మోసపోయినవారి జాబితాలు చేతులు మారుతుంటాయి కాబట్టి పోయిన మొత్తం కూడా సరిగ్గా చెబుతారు. దింపుడుకళ్లం ఆశతో ఉన్న మనిషి దగ్గర మిగిలినది కూడా ఊడ్చుకుపోవడానికి వేసే ఎత్తు అది. నాలుగో అడుగులో చెప్పిన గీతే ఇక్కడా.

ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఉచ్చులో ఉన్నారని అనుమానం వస్తే ‘నీకు బుద్ధి లేదా’ అని మొదలుపెట్టకండి. మా బంధువు మూడు నెలలు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మౌనంలోనే మూడు వంతుల సొమ్ము పోయింది. చివరికి ఆయన నోరు విప్పింది, వాళ్ల చిన్నమ్మాయి పక్కన కూర్చుని ‘నాన్నా, ఆ యాప్‌లోంచి ఒక్కసారి డబ్బు తీసి చూపించవూ, నేనూ నేర్చుకుంటాను’ అని అడిగినప్పుడు. తీయబోతే వచ్చిన ఆ పన్ను సందేశాన్ని తండ్రీకూతుళ్లు కలిసి చదివారు. ఆ సాయంత్రమే బ్యాంకుకు ఫోను చేశారు.